మడ్డి

బిరడా సగంలో తెగింది.
నలభై ఏళ్లు గొంతుకు అడ్డంగా నిలబడింది కదా,
బయటికి రమ్మంటే మొండికేసింది.
మిగతా సగం పొడిపొడిగా రాలితే
పలచటి గుడ్డలో వడగట్టాను,
సీసా మెడ కింద కొవ్వొత్తి పెట్టుకుని,
తేట మాత్రమే వంచుతూ,
మడ్డి కదలగానే చెయ్యి ఆపేసి.

ఎనభై నాలుగు కాపు.
స్టెల్లెన్‌బాష్ కొండవాలు, ఎర్రమట్టి చెక్క.
ముప్పాతిక వంతు క్యాబర్నే, మిగిలిందాంట్లో మెర్లో,
ఫ్రాంక్ పోపులో ఇంగువంత.

లండన్ నుంచి వచ్చిన ముగ్గురు వేలంపాట వాళ్లు
గ్లాసులు తిప్పారు,
అంచున తేలిన ఇటుకరంగు చూశారు,
ముక్కులు ముంచారు, పుక్కిలించారు, ఉమ్మారు.
"దేవదారు పెట్టె," అన్నాడొకడు.
"అప్పుడే చెక్కిన పెన్సిలు," అంది ఆవిడ.
"అలిసిపోయింది పాపం," అన్నాడు మూడోవాడు,
నూటికి ఎనభై ఏడు వేసి
గడియారం చూసుకున్నాడు.
మొత్తం పన్నెండు నిమిషాలు.
వాళ్ల కారు దుమ్ము ద్రాక్ష వరసల మీద వాలేదాకా
గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డాను.
అదీ ఉద్యోగమే.

నా పేరు రోజెల్డా. ఇంటిపేరు సెప్టెంబర్.
ఓడ రేవుకు చేరిన నెలను
మనుషుల మెడకు కట్టిన కాలం నాటి పేరు.
ఫిబ్రవరి వాళ్లు మా పక్క వీధిలోనే ఉంటారు.

మా నాన్న అబ్రామ్ ఈ తోటలో కోతగాడు.
తెల్లారుతూనే ఒక డబ్బా, పదింటికి ఒకటి,
మధ్యాహ్నం, మూడింటికి, మళ్లీ పొద్దుగూకాక.
కూలిలో కొంత అలా కొలిచి పోసేవాళ్లు,
ఈ సీసాకు పనికిరాదని పక్కకు నెట్టిన సరుకు.
దారిలో పడిపోయిన మనిషిని ఊరంతా చూసింది.
కళ్లు మూసుకుని,
"ఇది వాగు పక్క చెక్కది,
ఇందులో ఆలస్యంగా కోసినవి కలిపారు," అని
తగరపు డబ్బా లోంచి చదివి చెప్పిన నాలుకను
నేనొక్కదాన్నే విన్నాను.
దానికి నూటికి ఇంతని ఎవరూ వెయ్యలేదు.
యాభై ఒకటో ఏట కాలేయం లెక్క తేల్చేసింది.
ఆ నాలుకే నాకొచ్చింది.
దానికి చదువు చెప్పించాను, జీతం ఇప్పించాను,
ఉమ్మడం నేర్పించాను.

గ్లాసులు కడగడానికి డొరొతియా వచ్చింది.
"పారబొయ్యనా?"
"ఉండు."

వాళ్లు వెళ్లిన నలభయ్యో నిమిషానికి
అది కళ్లు తెరిచింది.
ముందు వగరు,
వయసు మళ్లినా చిగుళ్లను వదలని వగరు.
దాని వెనక ఎండిన నేరేడు,
వానకు తడిసిన గుర్రపు జీను, పొగాకు సంచి.
ఇంకా వెనక, చాలా దూరంగా,
కొండ మీద పొదలు కాలిన పొగ.
ఆ ఏడు కోతల్లోనే కొండ అంటుకుంది.
నాకు తొమ్మిదేళ్లు.
తడి గోనెసంచులతో మంటను కొడుతూ
నాన్న ఎందుకో పాడుతున్నాడు.

అలిసిపోలేదిది.
తొందరలో ఉన్నవాళ్లతో మాట్లాడదు, అంతే.

డొరొతియా ఒక గుక్క మింగి
చాలాసేపు కిటికీ వైపు చూసింది.
"మా అమ్మ కొంగు," అంది.
ఇరవై ఏళ్ల నా నోటుపుస్తకాల్లో
ఎక్కడా లేని మాట.
రాసుకున్నాను.

అడుగున మిగిలింది మడ్డి,
నల్లగా, ఇసకలా, చేదుగా.
ఎవరూ తాగరు, ఎవరూ పాడరు దాని మీద వేలం.
వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను.
ఉమ్మలేదు.

తోట చిట్టాలో ఆ కాపుకి ఎదురుగా
ఖాళీగా ఉన్న చోట రాశాను:
తెరిచాక గంట ఆగాలి.
దాని కింద: కోసినవాళ్లు.
అక్కడ పెన్ను ఆగిపోయింది.
చాలామంది. సగం మంది నెలలే.

"డొరొతియా, కుర్చీ లాక్కో.
జనవరి నుంచి మొదలెడదాం.
గుర్తున్నవాళ్లను నువ్వు చెప్పు."